తెల్లగుడ్డకు ఎర్ర అంచు

మా మనవరాలు పంతం పట్టి కుట్టుమిషను కొనిపించుకుంది. చేత్తో తిప్పే మిషను. ఇకమీదట తన రవికెలు తానే కుట్టుకుంటుందట, దర్జీ మొహం చూడదట. నాలుగు రోజులుగా ఇల్లంతా దారప్పోగులు, గుడ్డపీలికలు. కూరలో కూడా ఒక పోగు తగిలింది. నిన్న మధ్యాహ్నం చంక దగ్గర కుట్టు ముడతలు పడిందని రవికెను విసిరికొట్టి, గోడకు చేరగిలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏందే, ఎవురన్నా పోయినారా? గుడ్డ ముడత పడితే ఏడుస్తారా?" అన్నాను. నా నోరు మొదటినుంచీ అంతే.

"కుట్టిందంతా విప్పాల అవ్వా. ఆ బాధ నీకేం తెలుస్తాది?"

నాకు తెలియదట! ఆ రవికె లాక్కుని అరుగు మీద వెలుతురులో కూర్చుని, సూదిమొనతో ఒక్కొక్క కుట్టే లేపి విప్పిపెట్టాను. కళ్ళు సరిగా ఆనకపోయినా వేళ్ళకు దారి తెలుసు. పిల్ల ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది.

"నీకు కుట్టు ఎవురు నేర్పించినారు అవ్వా?"

"కరువు నేర్పించింది" అన్నాను. పకపకా నవ్వింది. పరాచికానికి అన్నాననుకుంది. పోనీలే, నవ్వనీ. ఆ వయసుకు దానికి కరువంటే ఏమిటో తెలియకపోవడమే మేలు.

మాది ఉదయగిరి కొండ కళ్ళకు కనబడేంత దూరంలో, దుత్తలూరు దారిలో ఒక చిన్న పల్లె. అంతా మెట్ట సేద్యం. వానొస్తే కొర్ర, సజ్జ, జొన్న. రాకపోతే ఏమీ లేదు. ఆ కాలంలో వాన వరసగా మొహం చాటేసింది. బావులు అడుగంటాయి. మా ఎద్దులు రెండూ కొట్టంలోనే పడిపోయాయి. ఇక చేసేదేముందని, సముద్రం పక్కన ఎక్కడో కాలవ తవ్విస్తున్నారని విని, ఆత్మకూరు మీదుగా పోయే జనంతో కలిసి నాయన కూలికి వెళ్ళిపోయాడు. ఇంట్లో నాయన తల్లి అవ్వ, మా అమ్మ, నేను మిగిలాం. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో.

నాయన దగ్గరనుంచి కబురు లేదు. అవ్వ మాత్రం దారిన పోయే ఏ మనిషినీ ఊరికే పోనిచ్చేది కాదు.

"అబ్బయ్యా, కాలవ కాడినుంచేనా వస్తా ఉండావు? మా వాడు కనపడినాడా? పొడుగ్గా ఉంటాడు. నడిస్తే ఎడమకాలు రవ్వంత ఈడుస్తాడు."

లేదనేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అడిగేది. అడిగిన మనిషినే మళ్ళీ అడిగి తిట్లు కూడా తినింది.

బతికుంటే బలుసాకు తినొచ్చునని ఊరికే అంటుంటారు. మేం నిజంగానే ఆ ఆకు తిన్నాం. చేదు, జిగురు. అవ్వ ఉప్పు లేకుండా ఉడకేసి, ముద్ద చేసి, "కళ్ళు మూసుకుని మింగు, పప్పనుకో" అనేది. ఆకు కూడా దూసేశాక నాగజెముడు పండ్ల మీద పడ్డాం. అవి తింటే నోరంతా నెత్తురు తాగినట్టు ఎర్రగా అయ్యేది. నేనూ పక్కింటి పిల్లలూ నాలుకలు బారచాపి ఒకరినొకరు దయ్యాల్లాగా బెదిరించుకునేవాళ్ళం. కడుపు మాడుతున్నా పిల్లలు పిల్లలే గదా.

అట్లాంటప్పుడు ఉదయగిరిలో గంజి పందిరి వేశారు. పెద్ద పెద్ద గంగాళాల్లో నూకలూ రాగిపిండీ కలిపి కాచేవాళ్ళు. రోజూ అడుగంటేది. ఆ మాడువాసన ఊరు మొదలుకే తగిలేది. దాన్ని పీల్చుకుంటూ మా నడక ఎక్కడలేని జోరు అందుకునేది. కానీ అక్కడొక కట్టడి ఉండేది. ఎవరి కడుపుకు వాళ్ళు రావాలి, అక్కడే కూర్చుని తాగి పోవాలి. ఇంటికి ఒక్క చుక్క తీసుకుపోకూడదు.

అవ్వా నేనూ పోయి తాగేవాళ్ళం. అమ్మ వచ్చేది కాదు. ఆమెకు గడప దాటడానికి గుడ్డ లేదు. ఉన్న కోకలన్నీ ఒకటొకటిగా జొన్నల కింద పోయాయి. మిగిలిన ఒక్కటీ ఒంటిమీదే చివికి పీలికలైపోయింది. ఆ పీలికలు చుట్టుకుని తలుపు మూసుకుని చీకట్లో కూర్చునేది. మేం తాగి వచ్చేసరికి, "చిక్కగా పోసినారా?" అని లోపలినుంచి అడిగేది. నీళ్ళు నీళ్ళుగా ఉండిందని అబద్ధం చెప్పేదాన్ని. చిక్కగా ఉందంటే ఆమెకు ఇంకా ఆకలేస్తుందని నా బాధ.

ఒకరోజు నా చిప్పలో అడుగు ముద్ద పడింది. తినకుండా పావడ కుచ్చిళ్ళలో దోపుకుని లేచాను. వాకిట్లో కాపలా మనిషి పట్టుకున్నాడు.

"ఏంది పాపా ఆ ఉబ్బు?"

"మా అమ్మకు."

"మీ అమ్మను రమ్మను. వద్దంటినా నేను? తిను నా ముందర."

అమ్మకు కట్టుకోను గుడ్డ లేదని అంతమందిలో ఎట్లా చెప్పను? కళ్ళనీళ్ళు కారుతుండగా ఆ ముద్ద మింగాను. సిగ్గులేని నాలుకకు అది కూడా కమ్మగానే ఉంది.

తరవాత కొన్నాళ్ళకు ఆత్మకూరు నుంచి బండ్లమీద గుడ్డల తాన్లు వచ్చాయి. ఇంటికో ముక్క చొప్పున చింపి ఇచ్చారు. తెల్లటి ముతక గుడ్డ. దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి వస్తుంటే కమ్మటి వాసన. మెల్లగా ఒక కొస నోట్లోకి తీసుకుని చప్పరించాను. గుడ్డకు పెట్టిన గంజి! బియ్యం రుచి తగిలి ఎన్నాళ్ళయిందో. చప్పరిస్తూనే ఉన్నాను.

"గుడ్డ తింటా ఉండావేందే, గొడ్డూ!" అని అవ్వ వీపుమీద ఒకటి చరిచింది. నాలుగడుగులు వేశాక తానూ ఆ కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "బియ్యప్పిండే" అని ఊరుకుంది.

తలుపు సందులోంచి గుడ్డ లోపలికి ఇచ్చాం. అమ్మ దాన్ని విప్పుతున్న చప్పుడు వినబడింది.

"అత్తా, దీనికి అంచు లేదే."

"కరువు గుడ్డకి అంచు యాడినుంచి వస్తాది? కట్టుకుని రా, ఇంకా ఉంటారు, గంజి తాగుదువు."

"నేను కట్టను."

మా వాళ్ళల్లో అంచులేని తెల్లగుడ్డ కట్టేది మొగుడు పోయిన ఆడది. మా అవ్వ కట్టేది అదే. ఆమె గుడ్డ అమ్మకు పనికిరాకపోయిందీ అందుకే. మొగుడు బతికుండగా పెళ్ళాం అది కడితే అతని చావును పిలిచినట్టేనని పెద్దల మాట.

"ఆయన యాడో మట్టి మోస్తా ఉండాడు. ఈడ నేను తెల్లగుడ్డ కట్టి ఆయన్ని చంపుకోమంటావా? నీ కొడుకే గదా అత్తా!"

అవ్వ గూట్లో చెయ్యి పెట్టి తడిమింది. పసుపులో ముంచి ఇద్దామంటే ఇంట్లో పసుపుకొమ్ము లేదు. నాకు జేగురు రాయి గుర్తొచ్చింది. కుంకం లేక అమ్మ బొట్టుకు దాన్నే అరగదీసుకునేది. "జేగురులో ముంచుదాం అమ్మా" అన్నాను.

లోపలినుంచి చిన్న నవ్వు వినబడింది. "సన్నాసుల గుడ్డ అయితాదే. నన్ను కాశీకి పంపిస్తావా?"

అవ్వ కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, "ఎర్ర అంచు ఉంటే కడతావా?" అంది.

"అంచుంటే కడతా. నేసేవాళ్ళు మగ్గాలు వదిలేసి వలస పోయిరి. ఎవురు వేస్తారు?"

ఇంట్లో ఎర్రగా ఉన్న గుడ్డ ఒక్కటే, నా పావడ. నాయన ఆత్మకూరు సంతలో కొన్నాడు. ఎదిగే పిల్లకు నాలుగేళ్ళు రావాలని కిందికంటా కుట్టించాడు. "నా పావడ అడుగు కోసి దానికి కుడితే?" అన్నాను. మా ఇళ్ళల్లో సూది ఉండేది కాళ్ళలో ముళ్ళు తీసుకోవడానికే. కోకలు మగ్గం మీదినుంచి దిగినవి దిగినట్టే కట్టేవాళ్ళు. కుట్టడం దర్జీల పని. అయినా అవ్వ కాదనలేదు.

గంజి పందిట్లో మా వరసలోనే ఒక సాయిబుల ముసలమ్మ కూర్చునేది. అందరం బూబమ్మ అనేవాళ్ళం. ఆమె భర్త దర్జీ. ఆయన పోయాక బొంతలు కుట్టి బతికింది. ఇప్పుడు కళ్ళకు పొరలు కమ్మి, మనిషిని గొంతునుబట్టి గుర్తుపట్టేది.

"బూబమ్మా, నాకు కుట్టు నేర్పిస్తావా?"

"ఏం కుడతావు బేటీ? మీ అవ్వ నోరా?"

"అది నీ వల్లే కాలా, నా మనవరాలి వల్ల అయితాదా?" అంది అవ్వ. ఇద్దరూ నవ్వుకున్నారు. సంగతి విన్నాక మాత్రం బూబమ్మ నవ్వలేదు. మర్నాడే తన కత్తెరా సూదీ కొంగున కట్టుకుని వచ్చింది.

సూదిని చేతికి ఇవ్వలేదు, నేలమీద పెట్టి తీసుకోమంది. చేతిలోంచి చేతికి సూది మారితే పోట్లాటలు వస్తాయట. దారం కోసం ఆ తెల్లగుడ్డ కొసనుంచే పోగులు లాగి, రెండేసి కలిపి పేని, తేనెమైనం రుద్దించింది. మైనం పట్టిన పోగు తెగదు, చిక్కు పడదు. పావడ కొయ్యకముందు ఉత్త గుడ్డ మీదే చెయ్యి తిప్పుకోమంది. నేను సూది గుచ్చి జోరుగా ఒక బారెడు కుట్టి, చూడమని లాగాను. దారమంతా సర్రున ఊడి నా చేతిలోకి వచ్చింది. కొసన ముడి వెయ్యలేదు మరి.

"దారానికి ముడి వెయ్యకుండా కుట్టేదానివి ఈ సీమలో నువ్వొక్కదానివే" అంది బూబమ్మ.

రెండోరోజు ముడి వేశాను. తల ఎత్తకుండా కుట్టాను. వేళ్ళు పొడుచుకుని నెత్తురు వచ్చినా ఊరుకున్నాను. గంజి పోస్తున్నామని కేక వినబడగానే ఒక్క ఉదుటున లేచాను. నాతో పాటు గుడ్డంతా లేచింది! ఒళ్ళో పెట్టుకుని కుడుతూ, దాన్ని తీసుకుపోయి నా కట్టుపావడకే కుట్టేశాను. వెనక తోకలాగా వేలాడుతూ నేను నిలబడితే పందిరంతా గొల్లున నవ్వింది. ఎముకలగూళ్ళలాంటి మనుషులు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది కానీ, వాళ్ళు నవ్వడం చూసి నాకూ నవ్వొచ్చింది.

అప్పుడు పావడ అడుగు కత్తిరించి పట్టీలు చేసి, ఒకదానికొకటి అతికి, తెల్లగుడ్డ వారన పెట్టి కుట్టసాగాను. మోకాళ్ళు బయటపడిన నన్ను చూసి పిల్లలు కొక్కిరాయి అని వెక్కిరించారు. నేను దారం గట్టిగా బిగించేదాన్ని, అంచు ముడుచుకుపోయేది. బూబమ్మ బొటనవేలితో తడిమి ఇట్టే పట్టేసేది.

"పీక పిసికినట్టు లాగబాక. గుడ్డకి ఊపిరాడాల. విప్పు."

"ఇదంతానా?"

"అంతా విప్పు."

ముందు పెద్ద పెద్ద అంగలతో కచ్చాకుట్టు వేసి నిలబెట్టాలి, దాని మీద దగ్గర దగ్గరగా పక్కాకుట్టు వెయ్యాలి. అది పద్ధతి. కానీ అమ్మ ఇంట్లో నానాటికీ నీరసించిపోతోంది. లేచి నిలబడితే గోడ పట్టుకుంటోంది. ఒకరోజు పిలిస్తే పలకడానికే చాలాసేపు పట్టింది. మర్నాడు నేను కుట్టు పక్కన పెట్టి ఏడ్చాను. బూబమ్మ నా తల నిమిరి, "కచ్చాకుట్టు అయింది గదా, ఇచ్చెయ్. ముందు మనిషి, తర్వాత కుట్టు" అంది.

ఆ గుడ్డ కట్టుకుని అమ్మ బయటికి వచ్చింది. వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ, నా భుజం మీద చెయ్యేసి నడిచింది. ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందో! పందిట్లో కాపలా మనిషి నన్నూ ఆమెనూ చూసి, "ఈమేనా మీ అమ్మ?" అని, గంజి పోసే అతనితో, "గరిటె అడుగుకంటా పెట్టి పొయ్యబ్బా" అన్నాడు. అమ్మ చిప్ప రెండు చేతులతో పట్టుకుని తాగింది. బూబమ్మ అంచు తడిమి, "కోడి గెలికినట్టుండాది కుట్టు" అంది. "మా పాప కుట్టింది" అంది అమ్మ. నాకు మేడ కట్టినంత గర్వం.

అమ్మ రోజూ రాసాగింది. మొహంలో కాస్త తేటదనం వచ్చింది. అట్లా కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, అమ్మ వరసలో కూర్చుని తాగుతోంది. అవ్వ ఎప్పటిలాగే దారిపక్కకు పోయి, ఆత్మకూరు వైపునుంచి వచ్చే ఒకతన్ని ఆపింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. పొడుగు, ఎడమకాలు ఈడుపు అని అవ్వ చెబుతుంటే అతను చతికిలబడిపోయాడు.

"అవ్వా... కాలవ కాడ వాంతిబేదులు తగిలినాయి. ఒకే పాకలో ఉన్నింటిమి. నీళ్ళడిగితే నేనే పోసినాను."

"ఎప్పుడు?"

"ఎండలు ముదరకముందే."

అంటే తెల్లగుడ్డ మా ఇంటికి రాకముందే.

అవ్వ ఏడవలేదు. తల తిప్పి పందిట్లో అమ్మను చూసింది. అమ్మ చిప్ప అడుగును వేలితో తుడిచి నాకుతోంది. అవ్వ అతని రెండు చేతులూ పట్టుకుంది.

"అబ్బయ్యా, నీకు పుణ్యముంటాది. మా కోడలికి ఈ మాట చెప్పబాక."

"అదేంది అవ్వా, చెప్పకపోతే ఎట్టా?"

"చెప్తే మూల కూర్చోవాల. ఏడాది తిరిగిందాకా గడప దాటకూడదు. గంజి ఇంటికి రాదు. కొడుకు పోయినాడు, కోడల్ని కూడా పంపించమంటావా?"

అతను తలవంచుకుని వెళ్ళిపోయాడు. అవ్వ నా మణికట్టు నొప్పి పుట్టేలా పట్టుకుంది.

"నువ్వు వినలా."

"వినలా అవ్వా."

ఆమె పోయి వరసలో కూర్చుంది. చిప్ప చాపింది. పోసింది తాగింది. గుటక దిగకపోతే ఆగి, మళ్ళీ తాగింది. "ఏంది అత్తా, పొలమారిందా?" అని అమ్మ వీపు నిమిరింది.

మర్నాటినుంచి అవ్వ దారిలో ఎవరినీ ఆపలేదు. తల దించుకుని నడిచేది. పొద్దున్నే అమ్మ జేగురు అరగదీసి బొట్టు పెట్టుకుంటుంటే లేచి దొడ్లోకి పోయేది. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ పాత పీలికలు చుట్టుకుని ఆ గుడ్డ నాకిచ్చేది. దీపానికి నూనె లేదు గనక పొద్దు గుంకేలోపల గడప దగ్గర కూర్చుని పక్కాకుట్టు వేసేదాన్ని. నాయన లేడని తెలిసి, నాయన ఉన్నాడనే అంచును కుట్టాను. "గట్టిగా కుట్టు అమ్మణ్ణీ. ఊడకూడదు" అనేది అవ్వ. గుక్కపట్టి ఏడవాలనిపించేది. సూది గుచ్చుకుందని చెప్పి, ఆ వంకన కాస్త ఏడ్చేదాన్ని.

ఆ తరవాత వాన పడింది. మొదటి చినుకుల్లో ఊరి పిల్లలమంతా నోళ్ళు తెరిచి నిలబడ్డాం. విత్తనాలిచ్చారు. ముగ్గురం కలిసి కొర్ర చల్లాం. ఎద్దులు లేక అమ్మా నేనూ గుంటక లాగాం. పంట ఇంటికి వచ్చిన రోజు అవ్వ కొర్రన్నం వండి, గోంగూర నూరింది. ముగ్గురం కడుపునిండా తిన్నాం. కడుపు నిండితే ఎట్లా ఉంటుందో మరిచిపోయినందుకేమో, నాకు భయం వేసింది.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేదాకా అవ్వ ఆగింది. గింజల కుండ వైపు ఒకసారి చూసింది.

"అమ్మణ్ణీ, సూది తే. మీ అమ్మ గుడ్డకి ఆ అంచు విప్పెయ్."

నేను కదల్లేదు. అమ్మ ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. లోపలికి పోయి పీలికలు చుట్టుకుని, ఆ గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నుదుటి బొట్టు చేత్తో తుడుచుకుంది.

"నీకు తెలుసునా?" అంది అవ్వ.

"నువ్వు దారిలో అడగడం మానుకున్న రోజే తెలిసింది అత్తా."

"మరి ఒక్క మాటన్నా అడగలేదే!"

"అడిగితే చెప్తావు. చెప్తే మూల కూర్చోవాల." అమ్మ తలవంచుకుంది. "నాకు ఆకలిగా ఉన్నింది అత్తా."

అప్పుడు ఏడ్చింది అవ్వ. కొడుకు పేరు పెట్టి పిలిచి, నేలకు నెత్తి కొట్టుకుని ఏడ్చింది. అమ్మ ఆమెను ఒళ్ళోకి లాక్కుని తానూ ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు, ఎప్పుడు పోయినాడు, ఎప్పుడు తెలిసిందని ఒకటే ప్రశ్నలు. నేను ఒక మూల కూర్చుని కుట్లు విప్పుతూ ఉన్నాను. మైనం పట్టిన దారం, పక్కాకుట్టు, ఒక పట్టాన రాలేదు.

వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఊళ్ళో ఎవరైనా పోయి, వెంటనే ఆ ఇంట్లోంచి గొల్లుమని ఏడుపు వినబడితే అందరూ అయ్యో పాపం అంటారు. నేనూ అంటాను. కానీ లోపల మాత్రం, వీళ్ళింట్లో గింజలున్నాయిలే, అనుకుంటాను.